‘చివరివాడు’ అని రాసింది ఎవరు?



నేను బీఈడీ చదివాను. కానీ రోజూ నా చేతిలో ఉండేది బియ్యం, పప్పు, నూనె లెక్కల రిజిస్టరే. గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌ని. సాహిత్యం మీద ఉపన్యాసం ఇచ్చేంత చదువు నాకు లేదు. పుస్తకం చదివి చెప్పేటప్పుడు నేను చేసిన ఒక పొరపాటు గురించి మీతో మాట్లాడదామని వచ్చాను.

మా హాస్టల్ బీరువాలో పిల్లల కోసం కుదించిన ఇంగ్లీషు నవలలు కొన్ని ఉన్నాయి. వానాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. స్టడీ అవర్ ఆగిపోయి, తొమ్మిదో తరగతి పిల్లలు కథ చెప్పమని పట్టుబట్టారు. ఛార్జింగ్ లైటు పెట్టుకుని ‘ద లాస్ట్ ఆఫ్ ద మోహికన్స్’ తీశాను. జేమ్స్ ఫెనిమోర్ కూపర్ 1826లో రాసిన అమెరికా నవల. చదువుకుంటూ తెలుగులో చెప్పుకొచ్చాను. నాలుగు సాయంత్రాలు పట్టింది.

కథ 1757లో జరుగుతుంది. వేరేవాళ్ళ అడవి కోసం ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు కొట్టుకుంటున్న కాలం. ఇంగ్లీషు సేనాని మన్రో కూతుళ్ళు కోరా, ఆలిస్ కోటకు వెళ్తూ అడవిలో ఆపదలో పడతారు. వాళ్ళను కాపాడేది తెల్ల వేటగాడు నాటీ బంపో, అతని స్నేహితుడు మోహికన్ చింగాచ్‌గూక్, చింగాచ్‌గూక్ కొడుకు అంకస్. వెంటాడేవాడు మాగ్వా అనే హ్యూరాన్ యోధుడు. విరిగిన కొమ్మను, తడినేలలో పడిన అడుగును చూసి దారి పట్టే ఘట్టాలు వచ్చినప్పుడు మా పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. ‘మా తాత కూడా ఇలాగే చెప్పేస్తాడు మేడం’ అని ఒకమ్మాయి మురిసిపోయింది.

చివర్లో కోరా, అంకస్ ఇద్దరూ చనిపోతారు. చింగాచ్‌గూక్ కొడుకు లేని తండ్రిగా మిగులుతాడు. కథ అయిపోయాక ఆ అమ్మాయే అడిగింది, ‘మేడం, ఆ మోహికన్లు ఇప్పుడు ఎక్కడున్నారు?’

‘లేరమ్మా, అంతరించిపోయారు. పుస్తకం పేరే అది కదా’ అన్నాను.

కాసేపాగి, ‘మనం కూడా అంతేనా మేడం?’ అంది.

‘పడుకోండి, పొద్దుపోయింది’ అని లేచి వచ్చేశాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక లెక్చరర్ క్లాసులో అందరి ముందు, ‘మీ కోయ భాష ఇంకో తరం ఉంటే గొప్పే’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. సిగ్గుతో నేనూ నవ్వాను. ఇన్నేళ్ళకు అదే మాట నా నోటితో ఒక పిల్లకు చెప్పాను.

మర్నాటి నుంచి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. మోహికన్లు అంతరించలేదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో స్టాక్‌బ్రిడ్జ్ మన్సీ మోహికన్ సమాజంగా ఈ రోజుకీ ఉన్నారు. వాళ్ళకు సొంత పాలన ఉంది, సొంత గ్రంథాలయం, మ్యూజియం ఉన్నాయి. వాళ్ళ అసలు పేరుకు ఎప్పుడూ నిలవని నీళ్ళ ప్రజలు అని అర్థం చెబుతారు. ఆ నీళ్ళు హడ్సన్ నదివి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వాళ్ళు అమెరికన్ల పక్షాన పోరాడారు. అయినా భూములు దక్కలేదు. మసాచుసెట్స్ నుంచి న్యూయార్క్‌కు, అక్కడి నుంచి విస్కాన్సిన్‌కు జరగాల్సి వచ్చింది. కూపర్ వాళ్ళలో చివరివాణ్ణి చంపుతూ నవల రాసిన రోజుల్లో బతికున్న మోహికన్లు సామాన్లు సర్దుకుని పడమటికి నడుస్తున్నారు. అంకస్ అనే పేరు కూడా వాళ్ళది కాదు. కనెక్టికట్‌లోని మొహిగన్లనే వేరే జాతి నాయకుడిది. కూపర్ రెండు జాతుల్ని కలిపేశాడు. ఆ మొహిగన్లూ ఇప్పటికీ ఉన్నారు.

కూపర్‌కు ఆ మనుషుల మీద ద్వేషం ఉందని నేను అనను. చింగాచ్‌గూక్‌ను ఎంతో గౌరవంగా రాశాడు. కానీ ఆ గౌరవం పోతున్నవాడికి ఇచ్చే గౌరవం. నవల వచ్చిన నాలుగేళ్ళకే, 1830లో, ఆదివాసులను మిసిసిపీ నదికి పడమటికి పంపే చట్టం వచ్చింది. ఎలాగూ పోయేవాళ్ళే అనుకుంటే, పంపించేవాడికి పాపం అనిపించదు. ‘చివరివాడు’ అన్న మాట చేసే పని అది.

అలాగని ఆ పుస్తకాలను పక్కన పడేయమని నేను చెప్పను. మళ్ళీ చదివితే మొదటిసారి కనపడనివి కనపడతాయి. మాగ్వానే చూడండి. పిల్లలకు చెప్పినప్పుడు వాణ్ణి ఉత్త విలన్‌గా చెప్పాను. రెండోసారి చదివితే వాడి బాధ తెలిసింది. సారా అలవాటు చేసింది తెల్లవాళ్ళు. తాగి వచ్చాడని కట్టేసి కొరడాతో కొట్టించిందీ తెల్ల సేనాని మన్రోనే. తాగించినవాడే శిక్ష వేస్తే అది ఏం న్యాయమని మాగ్వా అడుగుతాడు. మన గూడేల్లో సారా ఏం చేసిందో చూసినవాళ్ళకు ఆ ప్రశ్న కొత్తది కాదు. కూపర్ దానికి జవాబు ఇవ్వలేదు. కానీ ప్రశ్న మాత్రం పుస్తకంలో ఉండిపోయింది.

ఇదే నాటీ బంపో, ముసలివాడయ్యాక, కూపర్ 1823లోనే రాసిన ‘ద పయనీర్స్’లో కనపడతాడు. నలభై ఏళ్ళుగా ఆ అడవిలో వేటాడి బతికినవాడు. కొత్తగా ఊరు వచ్చింది, ఊరితో చట్టం వచ్చింది. కాలం కాని కాలంలో దుప్పిని చంపాడని గుడిసె సోదాకి వస్తారు, అడ్డుకున్నాడని కేసు పెట్టి, జరిమానా వేసి, జైల్లో పెడతారు. అదే ఊరివాళ్ళు సరదాకి ఫిరంగి పేల్చి పావురాలను గుట్టలుగా కూలుస్తారు. అది తప్పు కాలేదు. పోడు కేసులు చూసిన మన పెద్దలకు ఈ ఘట్టం విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే అందులో ఇంకొకటి గమనించండి. అడవి పోయిందని వేటగాడు బాధపడితే కథంతా అతని వెంట నడుస్తుంది. ఆ అడవి అసలు ఎవరి తాతలదో ఆ చింగాచ్‌గూక్ తాగుబోతు ముసలివాడిగా ఒక మూల ఉంటాడు.

ఆ పావురాలు ఆకాశాన్ని కప్పేసేంత గుంపులుగా ఎగిరేవి. అవి తరగవనే అందరూ అనుకున్నారు. ఆ జాతిలో చివరి పక్షి 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది. ఎప్పటికీ ఉంటాయనుకున్న పక్షులు పోయాయి. పోయారని రాసేసిన మనుషులు ఉన్నారు.

ఉండటమే కాదు, రాశారు కూడా. చెరొకీలు తమ భాషకు సెక్వోయా తయారుచేసిన లిపితో 1828లో పత్రిక పెట్టారు. పీకోట్ జాతివాడు విలియం ఏపెస్ 1829లో తన జీవితకథను తనే రాసి అచ్చువేశాడు. కూపర్ నవల ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. నా చేతికి మాత్రం కూపర్ పుస్తకమే వచ్చింది. మన హాస్టల్ బీరువాల్లోకి ఎవరి పుస్తకం చేరుతుందన్నది కూడా చిన్న విషయం కాదు.

సంతోషించే మాటలే చెబితే మళ్ళీ తప్పు చేసినట్టే. మోహికన్లు మిగిలారు కానీ, వాళ్ళ భాష ఇళ్ళల్లో మాట్లాడటం ఆగిపోయింది. ఇప్పుడు పాత రాతల్లోంచి ఒక్కొక్క మాట ఏరుకుని మళ్ళీ నేర్చుకుంటున్నారు. మనకు ఇంకా ఆ గతి పట్టలేదు. మన అవ్వలు ఇంకా మాట్లాడుతున్నారు. మన డోలీలు ఇంకా పడిగె విప్పి గట్టుగోత్రాల కథలు చెబుతున్నారు. పేపర్లో ఎవరో ఒక కళాకారుణ్ణి ‘చివరి గాయకుడు’ అని పొగిడితే మనం సంబరంగా వాట్సాప్‌లో పంచుకుంటాం. ఈసారి పంచుకునే ముందు, ఆయన దగ్గర కూర్చుని ఒక్క పాటైనా నేర్చుకున్నామా అని అడుగుదాం.

వారం తర్వాత స్టడీ అవర్‌లో పిల్లల ముందు నిలబడి, ‘ఆ రోజు నేను తప్పు చెప్పాను. మోహికన్లు ఉన్నారు’ అన్నాను. ప్రశ్న అడిగిన పిల్ల ఏమీ అనలేదు. దసరా సెలవుల నుంచి వచ్చేటప్పుడు మాత్రం ఒక నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. వాళ్ళ తాత చెప్పిన చెట్ల పేర్లు, వాగుల పేర్లు, కోయ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకొచ్చింది. పదకొండు పేజీలు. అక్షర దోషాలున్నాయి. నేను ఎర్ర పెన్ను తీయలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పెద్ద పుస్తకాలు భయపడకుండా చదవండి. మన గురించి ఎవరైనా ‘చివరి’ అని రాస్తే, రాసింది ఎవరు, అప్పుడు మన భూమి ఎవరి చేతుల్లోకి పోతోంది అని చూడండి. ఈ సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఒక నోట్‌బుక్ కొనుక్కుని వెళ్ళండి. పదకొండు పేజీలు నిండితే చాలు, నాకు చూపించండి.