ఒక్క సంవత్సరపు వనవాసం
(దేవాలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద నలభై సంవత్సరాలు బట్టల వ్యాపారం చేసినవాడిని. ప్రసంగాలు నాకు అలవాటు లేదు. ఇంటరు ముగించిన మా మనవడు గత సంవత్సరం నా ఎదుట నిలిచి, "తాతా, కాలేజీలో చేరేముందు ఒక్క ఏడాది బయట తిరిగి, చేతిపనులు నేర్చుకుంటాను" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "ఆగిన చదువు మళ్లీ అంటదు" అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. మూడు రోజులు నాతో మాట్లాడనూ లేదు.

ఆ దినాలలోనే ఏనుగుల వీరాస్వామయ్యగారి "కాశీయాత్ర చరిత్ర" మళ్లీ చదివాను. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషి. ఉద్యోగానికి సెలవు పెట్టి, 1830 మే 18న సపరివారంగా బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. తిరుపతి, శ్రీశైలం, మన హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి. గయ, కలకత్తా, పూరీ మీదుగా ఇంటికి. రైలు లేని కాలమది. ఏ మజిలీలో నీరు దొరుకుతుందో, ఏ ఊరిలో అంగళ్లున్నాయో, దారి ఎలాంటిదో వ్రాస్తూ, ఆ సంగతులను మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి పంపేవారు. పదిహేను నెలల ఆ సెలవు వ్యర్థమైందని ఎవరనగలరు? ఆరుబయట గడపడంతోపాటు నియమంగా గడపడమే ఆ యాత్రకు విలువ తెచ్చిందని నాకు తోచింది.

మనవడిని పిలిచి మూడు నియమాలు పెట్టాను. ప్రతి దినం చేసిన పని వ్రాసి నాకు పంపాలి. ఖర్చుకు లెక్క చూపాలి. వచ్చే ప్రవేశాల నాటికి తిరిగి రావాలి.

మొదటి రెండు నెలలు పొద్దెక్కేదాకా నిద్రపోయాడన్నది దాచను. తరువాత భువనగిరి కొండపై రాక్ క్లైంబింగ్ శిక్షణలో చేరాడు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మొదట అభ్యసించినది ఆ కొండపైనే. పిమ్మట రాజేంద్రనగర్‌లోని రూరల్ టెక్నాలజీ పార్కులో తేనెటీగల పెంపకం, వానపాముల ఎరువు తయారీ నేర్చుకున్నాడు. శివరాత్రికి వెంకటాపురం నుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచాడు. ఆ రాత్రి వాడు పంపిన వ్రాత నాలుగే వాక్యాలు. "ఒక పెద్దాయన కాళ్లు బొబ్బలెక్కాయి. కడిగి గుడ్డ కట్టాను. ఆయన సంచీ మోశాను. నా అలసట గుర్తుకు రాలేదు."

ఇక ఈ వానకాలపు మాట. ఒక రాత్రి మా దుకాణం పైకప్పు కారసాగింది. మునుపైతే పనివాడి కోసం మూడు రోజులు ఎదురుచూసేవాళ్లం, తానులు తడిసిపోయేవి. మనవడు నీరు చేరిన చోటును కిందనుండే గుర్తించాడు. నేను తొందరపెట్టినా వాన తెరిపి ఇచ్చేదాకా పైకెక్కలేదు. నడుముకు తాడు కట్టుకొని, ముడి రెండుమార్లు పరీక్షించి, మెల్లగా ఎక్కి తూములోని చెత్త తీశాడు. కొండ వాడికి తెగింపు నేర్పి ఉంటుందని భయపడ్డాను; నేర్పింది జాగ్రత్త.

వాడు ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాడు. చేరేటప్పుడు విరామ సంవత్సరానికి గ్యాప్ సర్టిఫికెట్ అడిగారు. నోటరీ చేయించి ఇచ్చాము. తోటివారు ఒక తరగతి ముందున్నారు. ఆ నష్టం నిజమే, వాడికీ తెలుసు.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. మీ బిడ్డ ఇటువంటి కోరిక కోరితే వెంటనే కాదనకండి, వెంటనే సరేననకండి. ఏమి నేర్చుకుంటావు, ఎవరి వద్ద, ఎప్పుడు తిరిగివస్తావు అని అడగండి. ఈ మూడింటికీ జవాబుంటే ఆశీర్వదించి పంపండి. ఆ మూడు రోజుల మౌనంలో నేను అడగవలసిన ప్రశ్నలు ఇవే, ఆలస్యంగానైనా అడిగాను.

సర్వే జనాః సుఖినో భవంతు.