కొట్టడం వేరు, కొట్లాట వేరు



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి సుగుణాల గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. అన్నీ నిజమే అయి ఉంటాయి. నాకు బాగా తెలిసింది మాత్రం ఆయన ఎర్ర పెన్సిలు. నా వ్యాసాల మార్జిన్లలో అది తిరగని చోటు లేదు. ‘కొట్లాటలో ఉన్నది ఆటేనోయ్’ అని ఆయన చివరిదాకా అంటూనే ఉన్నారు. కాదని నేనూ అంటూనే ఉన్నాను. ఆయన పేరిట కప్పిన శాలువా భుజాన ఉండగానే ఆ వాదం మళ్ళీ ఎత్తుకుంటున్నాను. మొహమాటపడి ఊరుకుంటే ఆయనకే నచ్చదు.

అందరికీ తెలిసిన సంగతులు త్వరగా దాటేద్దాం. కోస్తాలో పోట్లాట, దెబ్బలాట; తెలంగాణలో కొట్లాట, లొల్లి; అన్నిచోట్లా జగడం, తగాదా, గొడవ. పోరు వేరు, పోటు వేరు. పోరాటం తమిళుల పోరాట్టానికీ కన్నడిగుల హోరాటకూ చుట్టం. పోట్లాటలోని పోటు పొడవడం నుంచి వచ్చింది. కత్తిపోటులో ఉన్నదీ అదే. దెబ్బలాటకు దెబ్బ పడనక్కర్లేదు, కుళాయి దగ్గర నోటితోనే దెబ్బలాడి రావచ్చు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా చివరి ముక్క దగ్గర. పోట్లాట, కొట్లాట, తన్నులాట, గుద్దులాట, కుమ్ములాట, తోపులాట: వీటన్నిటి చివరా ఆట వినిపిస్తుంది. అందుకని తెలుగువాడికి తగవు కూడా క్రీడేనని మనవాళ్ళు ముచ్చటగా చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది, నిలబడదు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండో కూర్పు 1984) చూడండి. అందులో ‘ఆడు’ ధాతువు కింద కదలడం, ఊగడం, నర్తించడం, ఆడుకోవడం, స్నానం చేయడం అన్నీ ఒకచోటే చేరతాయి. క్రీడ వాటిలో ఒకటి మాత్రమే. ఊపిరాడని మనిషి ఏ ఆట మానుకున్నట్టు? దూలానికి వేలాడే గబ్బిలం ఏ ఆట ఆడుతున్నట్టు?

నేను చూడమనేది ఆటను కాదు, దాని ముందున్న ‘ల’కారాన్ని. పోట్లు, దెబ్బలు, మాటలు బహువచనాలు. వాటికి ఆడు చేరితే పోట్లాడు, దెబ్బలాడు, మాట్లాడు. వాడుకలో ఈ ‘లాడు’ తానే ఒక ప్రత్యయంలా స్థిరపడి కొట్టు, తన్ను, వెతుకు వంటి క్రియల మీదికీ పాకింది. అది చేరగానే వాక్యంలో ఏం మారుతుందో గమనించండి. కొట్టడానికి ‘ను’ కావాలి: వాణ్ణి కొట్టాడు. కొట్లాడటానికి ‘తో’ కావాలి: వాడితో కొట్లాడాడు. ‘వాణ్ణి కొట్లాడాడు’ అనే తెలుగువాడు లేడు. తాళంచెవిని వెతుకుతాం; వెతుకులాట మాత్రం తాళంచెవి కోసమే. ఈ క్రియల్లో ‘లాడు’ వచ్చిందంటే ద్వితీయా విభక్తి సెలవు తీసుకుంటుంది. దెబ్బ తిన్నవాడు కర్మగా ఉండడు, భాగస్వామి అయిపోతాడు.

దీనికి మూడు ఆక్షేపణలు ఉన్నాయి. జింకను వేటాడాడు, ఆమెను పెళ్ళాడాడు అంటాం కదా అన్నది మొదటిది. నిజమే, కాని అక్కడున్నవి వేట, పెళ్ళి, రెండూ ఏకవచనాలు. ‘ల’కారం లేదు, ద్వితీయ ఉంది. ఇది నా వాదాన్ని పడగొట్టకపోగా ఊతమిచ్చి నిలబెడుతోంది. పరస్పరత చెప్పడానికి ‘కొట్టుకొను’ ఉండగా ఇంకొకటెందుకు అన్నది రెండోది. కొట్టుకోవాలంటే కర్త బహువచనంలో ఉండాలి: వాళ్ళు కొట్టుకున్నారు. కొట్లాటలో ఒక్కణ్ణే కర్తగా నిలబెట్టి రెండోవాణ్ణి ‘తో’ పక్కన పెట్టవచ్చు. పని వేరు కాబట్టే రెండూ బతికాయి, ‘కొట్లాడుకున్నారు’ అని కలిసి కూడా వస్తున్నాయి. ఇక మూడోది, ‘తెలంగాణ కోసం కొట్లాడినం’ అన్నప్పుడు ఎదుటివాడు ఎక్కడ అన్నది. ఎదుటివాడు అందరికీ తెలిసినవాడే కనుక చెప్పనక్కర్లేకపోయింది. పైగా అక్కడ వచ్చింది ‘కోసం’, ‘ను’ కాదు.

వ్యాకరణం పండితులదే అనుకునేవారు పిల్లలున్న ఇంట్లో ఒక పూట కూర్చోండి. ‘అమ్మా, అన్నయ్య నన్ను కొట్టాడే’ అని చిన్నది ఏడుస్తూ వస్తుంది. ‘ఏం లేదమ్మా, కొట్లాడుకుంటున్నాం’ అంటాడు పెద్దాడు. చిన్నది ‘నన్ను’ను గట్టిగా పట్టుకుంది. వాడు ‘లాడు’ వెనక దాక్కున్నాడు. ఏ మాట ఎవరికి లాభమో ఇద్దరికీ తెలుసు.

చట్టానికీ ఈ తేడా తెలుసు. భారతీయ న్యాయ సంహిత 194వ సెక్షన్ ప్రకారం ఇద్దరో అంతకు మించో బహిరంగ స్థలంలో కొట్లాడి ప్రజల శాంతికి భంగం కలిగిస్తే నేరం. గరిష్ఠ శిక్ష నెల రోజుల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒకరు ఇంకొకరిని కావాలని గాయపరిస్తే 115వ సెక్షన్; అక్కడ జైలు ఏడాది దాకా వెళ్తుంది. మొదటిదానికి బహిరంగ స్థలం తప్పనిసరి. నాలుగు గోడల మధ్య భర్త భార్యను కొడితే ఆ సెక్షన్ కింద అది కొట్లాట కానే కాదు. ‘భార్యాభర్తల కొట్లాటలో భార్యకు గాయాలు’ అని రాస్తే, చట్టం విడదీసినదాన్ని మన వాక్యం మళ్ళీ కలిపేసినట్టే. తొక్కిసలాట అన్నప్పుడూ అంతే. జనం జనాన్నే తొక్కుకున్నారు, గేటు మూసినవాడు వాక్యంలోకే రాడు.

అందుకే కొంతకాలంగా తగవు క్రియలకు ఒక విభక్తి కోశం కూరుస్తున్నాను. బ్రౌను (1852) మొదలు మన నిఘంటుకారులు సకర్మకం, అకర్మకం అని గుర్తు వేశారు. అది చాలదు. దాడి ‘మీద’, గొడవ ‘తో’, పోరు ‘కోసం’, తన్నడం ‘ను’ అని ప్రతి క్రియ పక్కనా చూపాలి, ఏ జిల్లాలో ఏది వాడతారో చెప్పాలి. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని 1962లో వ్యవసాయ పదాలతో మొదలుపెట్టారు. తగవుకు ఆ పాటి గౌరవం ఇంకా దక్కలేదు.

ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది వక్తకు శాలువా మానేసి ఆ డబ్బుతో ఈ కోశం తొలి భాగం అచ్చు వేయించండి. సభలోని వారికి ఇంకొకటి: మీ ఊళ్ళో తగవు గురించి జనం అన్న వాక్యాలను ఉన్నవున్నట్టు రాసి పంపండి. దిద్దవద్దు. ముఖ్యంగా ‘ను’ను ‘తో’గా మార్చవద్దు.