కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా: ఒక్క ఆదివారం, వెయ్యేళ్ల దారి



మన దిక్కు ఆదివారం టూర్ అంటే ఏంటి? కొండగట్టు, లేదంటే వేములవాడ. దర్శనం చేసుకుంటాం, పులిహోర తింటాం, ఫొటో స్టేటస్‌లో పెడతాం, ఇంటికొస్తాం. తప్పేం లేదు, నేనూ అంతే. కానీ జగిత్యాల నుంచి కరీంనగర్ పోయే రోడ్డుకు దగ్గర్లో ఒక గుట్ట ఉంది. ఆ దారిన మనం వందసార్లు పోయుంటాం, ఒక్కసారి కూడా బండి ఆపి ఉండం. ఈ ఎపిసోడ్ ఆ గుట్ట కోసమే. పనిలో పనిగా ఒక్క రోజు రూట్ మొత్తం చెప్తా.

కోరుట్ల వాళ్లు ముందు మీ ఊళ్లోని మెట్ల బావి చూసి బయలుదేరండి. జగిత్యాలకు పాతిక కిలోమీటర్లు. పొద్దున్నే వస్తే ఖిల్లా చల్లగా ఉంటుంది. నక్షత్రం ఆకారంలో కోట, చుట్టూ కందకం, పైన ఫిరంగులు. 1747లో కట్టిందని చెప్తారు. ఫ్రెంచ్ ఇంజినీర్లు జాక్, తాల్ కట్టారు కాబట్టి జగిత్యాల అయిందని ఊళ్లో ఒక మాట ఉంది. వినడానికి బాగుంటుంది కానీ, ఇంకో మాట కూడా ఉంది. పక్కనే పొలాస ఉంది కదా, ఇప్పుడు జగిత్యాల సన్నాల వరి పుట్టిన పరిశోధనా కేంద్రం ఉన్న ఊరు. 12వ శతాబ్దంలో అది రాజధాని. అక్కడ జగ్గదేవుడు అనే రాజు ఉండేవాడు. ఆయన కాకతీయుల హన్మకొండ మీదికే దండెత్తాడు. ఊరి పేరు ఆ జగ్గదేవుడి నుంచి వచ్చిందనేది రెండో మాట. ఖిల్లా కంటే ఆరు వందల ఏళ్ల ముందు సంగతి ఇది. ఏది నమ్ముతారో మీ ఇష్టం.

తర్వాత కొండగట్టు. అంజన్న దర్శనం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం చెప్తా, నవ్వకుండా వినండి. 2018 సెప్టెంబర్ 11న ఇక్కడి ఘాట్ రోడ్డు దిగుతూ ఒక ఆర్టీసీ బస్సు లోయలో పడింది. అందులో వంద మందికి పైగా ఉన్నారు. అరవై మందికి పైగా చనిపోయారు. చాలామంది చుట్టుపక్కల పల్లెల వాళ్లే. మన దిక్కు ఆ రోజు ఏడవని ఊరు లేదు. అందుకే చెప్తున్నా, ఘాట్ మీద ట్రిపుల్ రైడింగ్ వద్దు, బండి నడుపుతూ రీల్స్ వద్దు. దిగేటప్పుడు ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దొర్లించొద్దు, చిన్న గేర్‌లో దిగండి.

ఇప్పుడు అసలు గుట్ట. గంగాధర మండలం కురిక్యాల ఊరి దగ్గర బొమ్మలమ్మ గుట్ట. బొమ్మలగుట్ట అని కూడా అంటారు. కొంచెం ఎక్కాలి, నీళ్ల సీసా పట్టుకోండి. పైన బండ మీద చక్రేశ్వరి దేవి బొమ్మ, జైన తీర్థంకరుల బొమ్మలు చెక్కి ఉంటాయి. వాటి కింద శాసనం. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లో ఉంటుంది. రాయించింది జినవల్లభుడు. సుమారు క్రీ.శ. 945 నాటిది.

అయితే ఏంటి అంటారా? చిన్నప్పుడు బళ్లో సుమతీ శతకం బట్టీ పట్టాం కదా, అవన్నీ కంద పద్యాలే. ఇప్పటిదాకా దొరికిన తెలుగు కందాల్లో తొలి పద్యాలు ఈ బండ మీద ఉన్నవే అని చెప్తారు. మూడు పద్యాలు. నన్నయ మహాభారతం రాయడానికి దాదాపు వందేళ్ల ముందు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది కదా, అప్పుడు చూపించిన ఆధారాల్లో ఇదీ ఒకటి.

అంత పెద్ద ఆధారం మన పక్కనే ఉంది, మనకే తెలీదు. తెలీకపోతే నష్టమేంటో కూడా చెప్తా. ఆ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు ఉన్నాయి. బండను బండగా చూసేవాడికి అది లారీల లెక్క. జనం వచ్చి చూసే గుట్టను కొట్టడం కష్టం, ఎవరూ రాని గుట్టను కొట్టడం సులువు. అందుకే పోండి. పోయి అక్షరాల మీద చాక్‌పీస్ రుద్దొద్దు, మీ పేర్లు చెక్కొద్దు. అక్షరాలు సరిగ్గా కనబడకపోతే ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూడండి, గీత గీత తేలుతుంది.

అక్కడి నుంచి వేములవాడ. ఇప్పుడు ఈ గుడి మీకు వేరేగా కనిపిస్తుంది. ఎందుకంటే జినవల్లభుడి అన్న పంపడు. కన్నడ వాళ్లు ఆదికవి అని తలమీద పెట్టుకునే కవి. ఆయన ఉన్నది వేములవాడ చాళుక్యుల రాజు రెండో అరికేసరి కొలువులో. అన్న ఇక్కడ కన్నడంలో కావ్యం రాశాడు, తమ్ముడు అక్కడ బండ మీద తెలుగు పద్యం చెక్కించాడు. రాజన్నకు కోడె మొక్కు కట్టేటప్పుడు ఒక్కసారి ఈ అన్నదమ్ములను కూడా తలుచుకోండి. సోమవారం రద్దీ ఎక్కువ. గుడిలో పనులు ఉంటే దర్శనం ఎక్కడో ముందే కనుక్కోండి.

చివరికి సిరిసిల్ల, ఇంకో పన్నెండు కిలోమీటర్లు. గల్లీలోకి రాగానే టకటకా సాంచాల చప్పుడు. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన మగ్గాలు ఇవే. ఆర్డర్ ఉంటే చప్పుడు, లేకపోతే గల్లీ అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంత మంది నేతన్నలను మింగిందో ఇక్కడి వాళ్లనడిగితే చెప్తారు. కాబట్టి లోపలికి పోయే ముందు అడగండి. అడిగాకే వీడియో తీయండి. వచ్చేటప్పుడు ఒక టవలో, లుంగీయో ఇక్కడే కొనండి. పొద్దు గూకేలోపు టైమ్ ఉంటే మానువాడ దగ్గర మిడ్ మానేరు నీళ్లు చూడండి. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయని మాత్రం మరవొద్దు.

ఇంతే రూట్. ఈ ఆదివారం అన్నీ కాకపోయినా సరే, కురిక్యాల దగ్గర ఒక్కసారి బండి ఆపండి. వచ్చే ఎపిసోడ్‌లో ధర్మపురి పోదాం. ఉంటా మరి, నమస్తే.