తాగని వాడికి లివర్ జబ్బా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు రెండు షరతులు పెట్టారు. ఇరవై నిమిషాలు దాటకూడదు, బోర్డు మీద ఫార్ములాలు రాయకూడదు. మొదటిది పాటిస్తాను. రెండోదానికి మాత్రం చివర్లో ఒక్క మినహాయింపు అడుగుతాను. లెక్కల మాస్టారు ఎదురుగానే ఉన్నారు, తప్పు రాస్తే ఆయనే దిద్దుతారు.

నువ్వేం పని చేస్తుంటావని ఊళ్లో ఎవరైనా అడిగితే లివర్ మీద పరిశోధన అని చెబుతాను. వెంటనే వచ్చే ప్రశ్న ఒక్కటే: "తాగుబోతుల జబ్బు గురించా?" ముప్పై ఏళ్లుగా ఇదే ప్రశ్న వింటున్నాను. ఇవాళ దానికి కాస్త తీరిగ్గా జవాబు చెప్పాలని వచ్చాను. ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

ముందు లివర్ చేసే పని ఒకటి చూద్దాం. రాత్రి ఎనిమిదింటికి భోంచేసి పడుకుంటాం, పొద్దున ఆరింటికి లేస్తాం. ఆ పది గంటలూ నోట్లో మెతుకు పడదు. కానీ మెదడు నిద్రపోదు. దానికి రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. రాత్రిపూట అది ఎక్కణ్ణుంచి వస్తోంది? లివర్ నుంచి. అన్నం తిన్నప్పుడు వచ్చిన గ్లూకోజులో కొంత గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుని, రాత్రంతా కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. ఈ గ్లైకోజెన్‌ను 1857లో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ వేరుచేసి చూపించాడు. మన భాషలో అది గాదె. కాకపోతే చిన్న గాదె, పట్టేది ఇంచుమించు వంద గ్రాములు. ఈ 'చిన్న' అన్న మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

ఇక్కడ మన గోదావరి జిల్లాల మనిషి ఒకాయన్ను తలుచుకోకుండా ముందుకు పోలేను. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదివారు. శరీరంలోని ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించారు. ఎమ్మెస్సీలో నేను నా చేత్తో చేసిన తొలి ప్రయోగాల్లో అదొకటి. పరీక్షనాళికలో నీలం తేలుతుంటే, దీని వెనక భీమవరం కుర్రాడున్నాడని పక్కనున్న ఉత్తరాది మిత్రుడికి గొప్పగా చెప్పుకున్నాను. కణాలు శక్తిని ఖర్చుపెట్టే నాణెం ఏటీపీని కూడా 1929లో వాళ్లిద్దరూ వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనిపెట్టాడు. తర్వాత ఆయన పరిశోధన విభాగానికి పెద్దగా ఉన్న లెడర్లీ సంస్థలో, లివర్ నుంచే ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి 1945లో కృత్రిమంగా తయారుచేశారు. ఇవాళ గర్భిణులకిచ్చే ఫోలిక్ మాత్ర అదే.

మళ్లీ గాదె దగ్గరికొద్దాం. గాదె నిండాక కూడా ధాన్యం బళ్లు వస్తూనే ఉంటే ఏం చేస్తాం? వసారాలో పోస్తాం, గదిలో పోస్తాం, చివరికి పడుకునే చోట కూడా పోస్తాం. లివర్ కూడా అంతే. మిగిలిన గ్లూకోజును కొవ్వుగా మారుస్తుంది. "నేను నెయ్యి ముట్టను, నూనె ఒక్క చెంచా వాడతాను, నాకు ఫ్యాటీ లివర్ ఏమిటి?" అని అడిగేవాళ్లకు ఇదే సగం జవాబు. అన్నం నుంచి, పంచదార నుంచి కూడా కొవ్వు తయారవుతుంది. పంచదారలో సగం ఫ్రక్టోజు. దాన్ని దాదాపుగా లివరే చూసుకోవాలి. పైగా గ్లూకోజుకు మధ్యలో ఉండే తనిఖీ గేటు ఫ్రక్టోజుకు లేదు, నేరుగా కొవ్వు తయారయ్యే చోటికి పోతుంది. మధ్యాహ్నం విస్తట్లో పూతరేకులు ఉన్నాయని విన్నాను. ఒకటి తినండి, నేనూ తింటాను. నేను మాట్లాడుతున్నది రోజుకు నాలుగు టీల గురించి, కూల్‌డ్రింకుల గురించి.

మిగతా సగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. లివర్‌లో పేరుకున్న కొవ్వు ఎక్కడిదో తెలుసుకోవడానికి 2005లో అమెరికాలో ఒక బృందం ఐసోటోపులతో గుర్తుపెట్టి లెక్కతీసింది. తిండిలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. లివర్ సొంతంగా తయారుచేసుకున్నది 26 శాతం. తక్కిన 59 శాతం శరీరంలో ముందే నిలవున్న కొవ్వు కరిగి, రక్తంలో కొట్టుకొచ్చి చేరింది.

నిలవ కొవ్వు ఎందుకు కరుగుతోంది? ఇన్సులిన్ ఇంటిపెద్ద లాంటిది. కండరాలతో "చక్కెర లోపలికి తీసుకోండి" అంటుంది. కొవ్వు కణాలతో "తలుపు మూసెయ్యండి, బయటికి వదలకండి" అంటుంది. లివర్‌తో "చక్కెర తయారీ ఆపు, ఉన్నది దాచు" అంటుంది. పొట్ట పెరిగి, నడక తగ్గేకొద్దీ ఈ మాట చెల్లడం మానేస్తుంది. కొవ్వు కణాలు తలుపులు బార్లా తీస్తాయి. అది చాలదన్నట్టు లివర్ ఒక చెవి మూసుకుని ఇంకో చెవి తెరుచుకుంటుంది. చక్కెర తయారీ ఆపమన్న ఆజ్ఞ వినదు, కొవ్వు తయారుచెయ్యమన్న ఆజ్ఞ మాత్రం వింటుంది. అందుకే షుగరు, ఫ్యాటీ లివర్ ఒకే ఇంట్లో కాపురం పెడతాయి. ఈ వైరుధ్యాన్ని 2008లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు నోబెల్ గ్రహీతలు స్పష్టంగా విడమరిచి రాశారు. ఇప్పటికీ దాని మీద పని నడుస్తూనే ఉంది.

"మా నాన్న మూడు పూటలా అన్నమే తిన్నాడు, ఆయనకేం కాలేదే" అంటారు. నిజమే. ఆయన చేలగట్ల మీద ఎన్ని మైళ్లు నడిచేవారో కూడా చెప్పండి. కంచంలో అన్నం అంతే ఉంది, చేను మాత్రం పోయింది.

ఇప్పుడు చెప్పబోయేది మా బ్యాచ్‌లో ఒకడి సంగతి. వాడి భార్య, పిల్లలు ఈ సభలో ఉన్నారు. చెప్పమని వాళ్లే అడిగారు. మావాడు జీవితంలో చుక్క ముట్టలేదు. హాస్టల్లో మేం చేసిన వెధవ పనులన్నిటికీ కాపలా కాసేవాడే తప్ప కలిసేవాడు కాదు. పదిహేనేళ్లు షుగరు, కాస్త పొట్ట. మిగతా అంతా బాగానే ఉందనుకున్నాడు. ఒకరోజు రక్తం కక్కుకున్నాడు. ఆస్పత్రిలో సిర్రోసిస్ అన్నారు. ఏడాదిన్నర బతికాడు. ఆ ఏడాదిన్నరలో జబ్బు కన్నా వాణ్ణి ఎక్కువ బాధపెట్టింది ఒక్క మాట: "చాటుగా తాగేవాడేమో". చుట్టాలన్నారు, ఊళ్లో అన్నారు, మనవాళ్లలో కూడా కొందరన్నారు. కర్మ భోజనాల దగ్గర కూడా అన్నారు. నేనక్కడే ఉన్నాను.

అందుకే ఈ సంగతి అందరూ వినాలి. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఇరవై మంది రోగుల లివర్ ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూశారు. అచ్చం తాగుబోతుల లివర్‌లాగే ఉంది. వాళ్లెవరూ తాగేవాళ్లు కాదు. ఆ జబ్బుకు అప్పటికి పేరే లేదు, వాళ్లే పెట్టారు. రెండూ ఒకేలా ఎందుకుంటాయి? సారాను విరగ్గొట్టే పనిలో పడితే లివర్ కొవ్వును కాల్చడం మానేస్తుంది, కొవ్వు మిగిలిపోతుంది. మావాడి విషయంలో కొవ్వు కాల్చగలిగినదాని కంటే ఎక్కువ వచ్చి పడింది. దారులు రెండు, చేరే ఊరు ఒకటే. కొవ్వు ఎక్కువైన కణాలు దెబ్బతింటాయి, వాపు వస్తుంది, మానిన చోటల్లా మచ్చ పడుతుంది. మచ్చలు కలిసి లివర్ గట్టిపడితే అదే సిర్రోసిస్. కొందరికి పుట్టుకతోనే ఈ దారి నున్నగా ఉంటుంది. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉంటే లివర్‌లో కొవ్వు సులువుగా నిలవ ఉంటుందని 2008లో తేలింది. అందువల్ల పెద్దగా పొట్ట లేనివాళ్లకూ ఇది రావచ్చు.

పేరులోనే నింద ఉందని 2023లో ప్రపంచ నిపుణులు జబ్బు పేరు కూడా మార్చారు. మద్యం మాట తీసేసి, జీవక్రియ లోపం మాట పెట్టారు. మావాడికి అందలేదు కానీ, వాడి పిల్లలకు ఆ కాగితం చూపించాను.

ఇక మనం చెయ్యాల్సింది. హెల్త్ చెకప్‌లో స్కానింగ్ చేసి "గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్" అని రాసిస్తే ఇద్దరు రెండు రకాలుగా తప్పు చేస్తారు. ఒకరు భయపడి మంచం పడతారు, ఇంకొకరు అందరికీ ఉండేదేగా అని కాగితం బీరువాలో పడేస్తారు. అసలు చూడాల్సింది కొవ్వు ఎంతుందని కాదు, మచ్చ పడుతోందా అని. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నా మచ్చ పడుతుండవచ్చు. దానికి పైసా ఖర్చు లేని లెక్క ఒకటుంది, ఫిబ్-4 అంటారు. ఇదే నేనడిగిన మినహాయింపు. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వయసు 60, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు రెండు లక్షలు, అంటే 200 అనుకుందాం. పైన 2400, కింద 1200, జవాబు 2. అది 1.3 కంటే తక్కువైతే ప్రస్తుతానికి నిశ్చింత. 65 దాటినవారికి ఆ గీత 2. మొదటి గీతకూ 2.67కూ మధ్య పడితే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. 2.67 దాటితే ఆలస్యం చెయ్యకుండా లివర్ డాక్టరును కలవాలి. మా లెక్కలో వచ్చిన 2 మధ్యలో పడింది. మావాడి పాత రిపోర్టులు తర్వాత నా చేతికొచ్చాయి. చనిపోవడానికి ఆరేళ్ల ముందువి. లెక్క వేశాను. అప్పటికే 2.67 దాటింది. అంకెలన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి, కలిపి చూసినవాళ్లే లేరు.

మందు సంగతి. పచ్చకామెర్లకు పసరు వేసి తగ్గించేవాళ్లు మన చిన్నప్పుడు ప్రతి ఊళ్లో ఉండేవారు. ఆ కామెర్లలో చాలావరకు కలుషిత నీటితో వచ్చే వైరస్ వల్ల వచ్చేవి. అవి ఎక్కువమందిలో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు దక్కేది. మచ్చపడుతున్న లివర్ అలా వాటంతటదే తగ్గే రకం కాదు. దానికి టానిక్కుల మీద డబ్బు పోయ్యకండి. 2024లో అమెరికాలో తొలి మందుకు అనుమతి వచ్చింది, దారి తెరుచుకుంది. కానీ ఇవాళ్టికీ అన్నిటికంటే గట్టి రుజువున్నది బరువు తగ్గడానికే. ఐదు శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది, ఏడు శాతానికి వాపు, పది శాతానికి మచ్చ కూడా చాలామందిలో వెనక్కి తగ్గుతుంది. ఎనభై కిలోల మనిషికి పది శాతమంటే ఎనిమిది కిలోలు. కష్టమే, కాదనను. నాకు నాలుగు తగ్గడానికే రెండేళ్లు పట్టింది. కొవ్వున్న లివర్ మీద మద్యం కూడా పోయడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. ఆ విషయం ఎవరికి చెబుతున్నానో వెనక వరుస వాళ్లకు తెలుసు.

2021లో కేంద్ర ప్రభుత్వం ఫ్యాటీ లివర్‌ను షుగరు, బీపీలు ఉన్న జాతీయ కార్యక్రమంలో చేర్చింది. కాబట్టి ఊళ్లో ఆరోగ్య కార్యకర్త నడుము కొలుస్తానంటే నవ్వకండి, కొలవనివ్వండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే లెక్కలోకి వచ్చినట్టే.

రేపు పొద్దున తొమ్మిది నుంచి పదకొండు వరకు మన పాత పదో తరగతి గదిలో కూర్చుంటాను. రక్తపరీక్ష రిపోర్టులు ఉన్నవాళ్లు తీసుకురండి, ఫోన్లో ఫొటో ఉన్నా చాలు. మావాడి అబ్బాయి కాలిక్యులేటర్ పట్టుకుని నా పక్కన కూర్చుంటానన్నాడు. గురువులు ముందు రండి, మీకు వరుస లేదు.