ఒడంబడికలకు కావలి



నా మెడలో వేసిన చామంతిదండ ఇంకను తడియారలేదు; తెల్లవారుజామున మొయినాబాదు తోటలో కోసిన పూలని గ్రుచ్చి తెచ్చినవారు చెప్పిరి. ఈ వేదిక కమానునకు చుట్టిన పసుపుపూలు వాడవు, వాసన వేయవు. అవి సముద్రము దాటి వచ్చిన ప్లాస్టిక్ పూలు. అలంకరించినవారిని తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు; ఈనాడు పెండ్లిపందిళ్లు పెక్కు ఇట్లే ఉన్నవి. మనము నేడు విచారింపబూనిన విషయమంతయు ఈ దండకును ఆ కమానునకును నడుమనే ఉన్నది.

సుంకముల పట్టికలో కోసిన పూలు 6వ అధ్యాయమున, కృత్రిమపుష్పములు 67వ అధ్యాయమున ఉన్నవి. మొదటివి వ్యవసాయోత్పత్తులు, రెండవవి పారిశ్రామిక వస్తువులు. పరదేశములతో బేరమాడునపుడు వీని లెక్కలు వేర్వేరు. హైదరాబాదు గుడిమల్కాపూరు పూల మార్కెట్టులో గంప దించిన చేవెళ్ల రైతునకు మాత్రము ఆ రెండును ఒకే పందిటికై పోటీపడుచున్నవి. విదేశపు గులాబిపై ఎంత సుంకము విధించినను, ప్లాస్టిక్ గులాబి యెదుట అది ఆతనికి అక్కరకు రాదు. ఈ రెండధ్యాయములను ఒక్కచోట పరచి, మన పల్లెను తలచుకొని చదువవలసిన బాధ్యత ఎవరిది?

ప్రపంచ వాణిజ్య సంస్థను నెలకొల్పుచు 1994 ఏప్రిల్ 15న మర్రకేష్‌లో సంతకములైన ఒడంబడిక 1995 జనవరి 1న అమలులోనికి వచ్చినది. మన రాజ్యాంగపు సప్తమ షెడ్యూలులో విదేశములతో ఒడంబడికలు కేంద్రజాబితాలో 14వ అంశము, వ్యవసాయము రాష్ట్రజాబితాలో 14వ అంశము. అంకె యొక్కటే అయినను, ఒడంబడికల అమలుకై చట్టము చేయు అధికారమును పార్లమెంటునకిచ్చు 253వ అధికరణము వలన మొదటిదే చెల్లుబాటగుచున్నది. దేశము పరదేశములతో ఒక్క గొంతుతో మాటాడవలసినదే. అందు నాకు వివాదము లేదు. అయితే రాష్ట్రముల ప్రయోజనములకు గట్టిగా తగులు ఒడంబడికలపై సంతకము చేయుటకు ముందు అంతర్రాష్ట్ర మండలిని సంప్రదించుట మేలని రాజ్యాంగపు పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే సూచించినది.

ఇంకొక చిక్కు కలదు. నా దృష్టిలో ఇదియే పెద్దది. పామాయిలుపై 300 శాతము వరకు సుంకము విధించుకొను హక్కును మనము ప్రపంచ వాణిజ్య సంస్థలో నిలుపుకొంటిమి. అయినను 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెలపై 20 శాతమునకు పెంచిన మూలసుంకమును, తొమ్మిది నెలలైన నిండకమునుపే 10 శాతమునకు దించితిమి. 2025 ఆగస్టులో, మన పత్తిచేలు ఇంకను కాయపట్టు వేళ, దిగుమతి పత్తిపై 11 శాతము సుంకమును తాత్కాలికముగా ఎత్తివేసితిమి. ఇవి మర్రకేష్ ఒడంబడిక విధించినవి కావు, మన ప్రభుత్వము స్వయముగా చేసికొన్న నిర్ణయములు. వినియోగదారుని కొరకని, జౌళి మిల్లుల కొరకని వానికి కారణములును కలవు. ఒడంబడిక చేసినదేదో, మనవారు చేసినదేదో వేరుపరచి చెప్పువారు లేనందున, రైతు ఒకనాడు ఢిల్లీని, ఒకనాడు జెనీవాలోని వాణిజ్య సంస్థను నిందించుచు, ఎవరి గుమ్మము త్రొక్కవలెనో తెలియక తిరుగుచున్నాడు.

ఇట్టి పనికి పూర్వదృష్టాంతములు లేకపోలేదు. కేరళ ప్రభుత్వము వ్యవసాయశాస్త్రజ్ఞులు ఎం.ఎస్. స్వామినాథన్ గారి అధ్యక్షతన వ్యవసాయముపై ఈ ఒడంబడికల ప్రభావమును విచారించుటకు కమిషన్ వేయగా, 2003లో నివేదిక వెలువడినది. అమెరికాలో మెయిన్ రాష్ట్రము పౌర వాణిజ్యవిధాన కమిషన్‌ను శాసనము ద్వారా నెలకొల్పుకొన్నది. మన తెలుగువారిలో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు, జస్టిస్ కృష్ణయ్యర్ ప్రభృతులతో కలిసి గాట్ అను సుంకముల, వాణిజ్యపు సాధారణ ఒడంబడికపై ప్రజా కమిషన్‌లో కూర్చుండి, ఆ ఒడంబడిక రాజ్యాంగమునకెట్లు తగులునో విచారించిరి. అది ప్రజలు వేసికొన్న కమిషన్. దాని మాట వినవలెనను విధి ప్రభుత్వమునకు లేకపోయినది.

కావున తెలంగాణ శాసనసభ చట్టముచేసి ఒక శాశ్వత కమిషన్‌ను నెలకొల్పవలెనని నా అభిప్రాయము. అందు రైతులు, చేనేతవారు, న్యాయవేత్తలు, ఆర్థికశాస్త్రజ్ఞులు ఉండవలెను. సంతకమునకు ముందు రాష్ట్రపు అభిప్రాయమును కేంద్రమునకు తెలుపుట, సంతకమైన పిమ్మట పంటపంటకు కలిగిన లాభనష్టములను లెక్కించుట దాని పని. ఏటేటి నివేదిక తెలుగులో రావలెను. ఆంగ్లములో మాత్రమే వచ్చు నివేదిక రచ్చబండ చేరదు.

ఆ చట్టపు ముసాయిదాను మధ్యాహ్నపు గోష్ఠిలో మీ ముందుంచుదురు. పండితులు కొంత తాళి, ఈ చుట్టుపట్ల నుండి వచ్చిన పూలరైతులను, కూరగాయల రైతులను మొదట మాటాడనిండని నా ప్రార్థన.