సిలిండరు ఉంది, గ్యాసు లేదు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేంపల్లె ఎండల సంగతి మీకు తెలిసిందే. నేను చలికాలం గురించి మాట్లాడతాను. పోయిన జనవరిలో మా తరగతి అమ్మాయి ఒకతె రోజూ ఆలస్యంగా వచ్చేది. యూనిఫారం నిండా పొగ వాసన. ఇంటికి వెళ్లి చూశాను. మూలన సిలిండరు ఉంది, దాని మీద మడతపెట్టిన బట్టలున్నాయి. బయట కంపకట్టెల పొయ్యి. బడికి రాకముందు కట్టెలు ఏరుకొచ్చేది ఈ పిల్లే. దాదీ ఫజర్ నమాజుకు లేస్తే వుజూకు నీళ్లు కాచిపెట్టేదీ ఈ పిల్లే. కట్టెలు దొరకని రోజు ఆ ముసలామెకు చన్నీళ్లే.

"గవర్నమెంటు ఉచితంగా ఇస్తాంది కదమ్మా?" అన్నాను.

"ఆ దుడ్లు తర్వాత పడతాయి సార్. ముందు కట్టేదానికి యాడుండాయి?" అంది తల్లి.

ఆమె మాట నిజం. 2024 నవంబర్ 1న మొదలైన దీపం-2 పథకంలో నాలుగు నెలలకు ఒకటి చొప్పున ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. అయితే ముందు మనం డబ్బు కట్టాలి. 48 గంటల్లో ఖాతాలో వేస్తామన్నది నియమం. రోజుకూలీ ఇంట్లో ఆ డబ్బు ఒక్కసారిగా ఉండదు. అందుకే హక్కుగా వచ్చే సిలిండరు కూడా ఇంటికి రాదు. పొగ మాత్రం ఆడవాళ్ల కళ్లలోకి, పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతూనే ఉంటుంది.

నీరు, పచ్చిక, నిప్పు అందరికీ ఉమ్మడివని హదీసు బోధిస్తోంది. ఈ కాలంలో నిప్పు అంటే గ్యాసే కదా!

నేను అడిగేది పెద్ద దానం కాదు, ఖర్జె హసనా. 20 సిలిండర్ల ధర పక్కన పెడితే ఒకేసారి 20 ఇళ్లకు ముందు డబ్బు కట్టవచ్చు. ఖాతాలో పడగానే వాళ్లు తిరిగి ఇస్తారు, అదే డబ్బు మరో 20 ఇళ్లకు పోతుంది. కొందరి సొమ్ము బ్యాంకు పాత బాకీకి పట్టుకోవచ్చు. అలాంటివి సదఖా కింద రాసుకుందాం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా సరిగా కలవక ఆగిపోయిన ఇళ్లూ ఉన్నాయి. చదువుకున్న మన యువకులు ఆదివారం ఒక పూట కూర్చుంటే ఆ పని అయిపోతుంది.

వచ్చే చలికాలానికి ఆ పిల్ల బడిగంటకు ముందే రావాలి. దాదీకి వేడినీళ్లు అందాలి. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక! ఆమీన్.