లాయరు రాసిన పునాది

సాఫ్ట్‌వేర్ పనికి ఇంజనీరింగే దారి అన్నది మన ఇళ్లలో గట్టిపడిన నమ్మకం. లాభాపేక్ష లేని సంస్థల్లో అది సగమే నిజం. అమెరికాలో మిచెల్ బేకర్ ఆసియా దేశాల గురించి డిగ్రీ చదివి, తర్వాత లా చేసి, 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లాయరుగా చేరారు. 1998లో ఆ కంపెనీ తన బ్రౌజర్ కోడ్‌ను అందరికీ తెరిచినప్పుడు, దాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో, మార్చినవాళ్లు తిరిగి ఏమివ్వాలో చెప్పే లైసెన్సు రాసింది ఆమే. ముక్కూమొహం తెలియని ప్రోగ్రామర్లు కలిసి పనిచేయగలిగారంటే దాని వెనుక ఆ పత్రం ఉంది. 2001లో ఉద్యోగం పోయినా, ఆ కోడ్ మీద సాగుతున్న మొజిల్లా ప్రాజెక్టును ఆమె జీతం లేకుండానే నడిపించారు. 2003లో అది లాభాపేక్ష లేని ఫౌండేషన్ అయింది. మరుసటి ఏడాది దాని బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది.

కోడ్ రాసేవాళ్లు లేకుండా లైసెన్సు ఏం చేసుకుంటామని అడగొచ్చు. నిజమే, ఫైర్‌ఫాక్స్‌ను కట్టింది ఇంజనీర్లే. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: జీతం లేని పని అందరికీ కుదరదు, పక్కదారిలో ఆగిపోయినవారి కథలు మనదాకా రావు. కాబట్టి ఇంజనీరింగ్ మానేయమని చెప్పడం లేదు. అయితే స్వచ్ఛందంగా వచ్చినవారిని ఆజ్ఞాపించలేం, ఒప్పించాలి. ఆ నేర్పు కంప్యూటర్ క్లాసులో దొరకదు. ఫైర్‌ఫాక్స్‌ను తెలుగులోకి తెచ్చిన స్వచ్ఛంద అనువాదకులకు కూడా ముందు కావలసింది మంచి తెలుగే.